సెల్ఫ్ కొట్టే ముందు ఫ్యాను కదిపి చూడండి

(విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల మెకానిక్‌లు, డ్రైవర్లు కలుసుకున్న ఒక సాయంత్రం, సైన్యంలో బండ్ల మరమ్మతు చేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేనేం పరీక్ష పెట్టను.

విజయవాడలో కూర్చుని చలి గురించి మాట్లాడమన్నారు నన్ను. నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వాను. ఇక్కడ మే నెలలో స్పానర్ ఎండలో మర్చిపోతే పట్టుకున్న చెయ్యి కాలుతుంది. లదాఖ్‌లో జనవరిలో అదే స్పానర్ ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం దానికి అంటుకుపోతుంది. రెండూ చూసిన చెయ్యి ఇది. సికిందరాబాద్ ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో పని నేర్చుకున్నాను, ఆ తరవాత ఎక్కువ కాలం పైనే, ద్రాస్, కార్గిల్, లేహ్. జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ సైనిక లారీలు, ఆ తరవాత వచ్చిన స్టాలియన్లు, మధ్యలో దారిలో ఆగిపోయిన సివిల్ లారీలు. అన్నీ పొద్దున్నే ఒకటే మాట. స్టార్ట్ అవ్వట్లేదు సార్.

ఇది మనకెందుకు అంటారేమో. మన బండికి ఇక్కడ లోడు ఎత్తినప్పుడు ఆఖరికి ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? ఢిల్లీలో దింపుతాం. అక్కడ జమ్మూకి లోడు దొరుకుతుంది. జమ్మూలో ఇంకో లోడు. రిటర్న్ ఖాళీగా రాకూడదు కదా, డీజిల్ ఎవరిస్తారు? అలా ఎక్కుతూ ఎక్కుతూ పోయిన బండి కథే ఈరోజు చెప్తాను.

చాలా ఏళ్ల కిందటి మాట. నవంబరు మొదట్లో. ద్రాస్. శ్రీనగర్ నుంచి వస్తే 3,528 మీటర్ల ఎత్తున జోజిలా దాటాక తగిలే ఊరు. జోజిలా మంచుతో మూసుకుపోయేలోపు లేహ్‌కి చలికాలపు సరుకు చేర్చాలి కాబట్టి ఆ రోజుల్లో రోడ్డంతా లారీలే. పొద్దున్నే ఆరున్నరకి నేను టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాను. చలి మైనస్ 12. రోడ్డు పక్కన ఒక లారీ కింద మంట. మంటంటే నిజంగా మంటే, గుడ్డలు డీజిల్‌లో ముంచి ట్యాంకు కింద పెట్టి కాలుస్తున్నాడు ఒక కుర్రాడు. పరిగెత్తాను. నంబర్ ప్లేటు చూస్తే ఏపీ 16.

ఏపీ 16 అంటే ఏంటో మీకు నేను చెప్పాలా? ఈ ఊరి బండే! ఆ చలిలో ఆ నంబరు చూసేసరికి తిట్టడానికి తెరిచిన నోరు మూతపడింది. ముందు మంట ఆర్పించాను. తరవాతే తిట్టాను, తెలుగులో. తెలుగులో తిట్లు విని క్యాబిన్‌లోంచి డ్రైవర్ దిగాడు. యాభై దాటిన మనిషి. "మీదేవూరు సార్" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ మంట సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ట్యాంకు కింద మంట పెట్టడం అక్కడ మామూలే, స్థానిక డ్రైవర్లు కూడా పెడతారు, చాలామందికి ఏమీ కాలేదు. ఏమైనా అయినవాళ్లు వచ్చి చెప్పరు కదా మనకి. కారే పైపు ఒకటి, గ్రీజు పట్టిన గుడ్డ ఒకటి, ఎయిర్ బ్రేకు రబ్బరు గొట్టాలు పక్కనే. పెట్టొద్దు.

సరే. ఇప్పుడు మీలో ఎవరైనా చెప్పండి. బండి స్టార్ట్ అవ్వట్లేదు, మైనస్ 12. ముందు ఏం చేస్తారు? ... బ్యాటరీ. ఇంకా? ... డీజిల్ గడ్డకట్టింది. ఇంకెవరు? ... హీటర్. మన పాత డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లు చాలావాటికి హీటరూ లేదు, సిలిండర్‌ని ముందే వేడిచేసే గ్లో ప్లగ్గూ లేదు తమ్ముడూ, ఉన్నదల్లా కంప్రెషన్ వేడి, అంటే పిస్టన్ గాలిని నొక్కితే పుట్టే వేడి ఒక్కటే. ఆ డ్రైవర్ ఏం చేశాడో తెలుసా? సెల్ఫ్ కొట్టాడు. అవ్వలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆరింటి దాకా కొడుతూనే ఉన్నాడు. కొట్టి కొట్టి బాగున్న బ్యాటరీని చంపాడు. నేను వెళ్లేసరికి "టక్" మని సోలనాయిడ్ చప్పుడొక్కటే వస్తోంది.

అందుకే నేను నేర్పిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజే ఒకటి చెప్పేవాణ్ణి. చలిలో తాళం మీద చెయ్యి వెయ్యకముందే బ్యానెట్ ఎత్తు. బెల్టు వదులు చేసి ఫ్యాను చేత్తో తిప్పి చూడు. ఫ్యాను ఎందుకు? చలికీ ఫ్యానుకీ ఏంటి సంబంధం?

ఆ ఏపీ 16 బండిలో కూలెంట్ లేదు. నీళ్లు. మనం ఇక్కడ పోసేవే, కుళాయి నీళ్లు. రేడియేటర్‌లో ఎర్రగా తుప్పు. దారిలో ఎవరో మంచివాడు చెప్పాడట, రాత్రి పడుకునే ముందు నీళ్లు తీసెయ్యండి, లేకపోతే గడ్డకట్టి పగులుతుంది అని. మంచి మాటే. ఈయన రేడియేటర్ కింద కాక్ తిప్పాడు, నీళ్లు పోయాయి, పడుకున్నాడు. ఇంజన్ బ్లాకుకి పక్కన ఇంకో కాక్ ఉంటుంది. ఎప్పుడన్నా తిప్పారా దాన్ని? మీలో ఎంతమంది తిప్పారు? ... చూశారా, రెండు చేతులు లేచాయి. ఆయనా తిప్పలేదు. బ్లాకులో, వాటర్ పంపులో నీళ్లు ఉండిపోయాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. పోత ఇనుము సాగదు. పగులుతుంది.

మన పాత టాటాలో ఫ్యాను వాటర్ పంపు షాఫ్ట్ మీదే కదా ఉండేది. పంపులో మంచు ఉంటే ఫ్యాను తిరగదు. అప్పుడు సెల్ఫ్ కొడితే బెల్టు కీచుమంటుంది, జారుతుంది, తెగుతుంది. ఖర్మ బాగోలేకపోతే పంపు లోపల ఇంపెల్లర్ విరుగుతుంది. ఆ బండి ఫ్యాను నేను పట్టుకుని తిప్పితే రాయిలా ఉంది. "రాత్రి బెల్టు అరిచిందా?" అన్నాను. "అరిచింది సార్, బెల్టు పాతది కదా అనుకున్నాను" అన్నాడు. ఇంజన్ చెప్తూనే ఉంది పాపం, ఆయన వినలేదు.

ఏం చేశాం? మరుగుతున్న నీళ్లు గుమ్మరించలేదు. అలా చేస్తే ఇనుము ఒకవైపు ఒక్కసారిగా వేడెక్కి పగులుతుంది, మంచు చేయాల్సిన పని మనమే చేసినట్టు. గోనెసంచులు పంపు మీదా బ్లాకు మీదా చుట్టి, చెయ్యి పెట్టగలిగేంత వెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోశాం. మా కుర్రాళ్లు వంటశాల నుంచి డేక్సాలతో మోశారు. గంటన్నర పట్టింది. బ్లాకు కాక్‌లో తీగ పెట్టి కెలికితే మంచు ముక్కలు, బురద, నీళ్లు కలిసి మన గోళీసోడాలో గోళీ పడ్డట్టు టకటకా పడ్డాయి. ఫ్యాను తిరిగింది. దేవుడి దయ, బ్లాకు పగల్లేదు.

కూలెంట్ గురించి ఒక మాట, ఇది చెప్తే ఎవరూ నమ్మరు. యాంటీఫ్రీజ్ సగం, నీళ్లు సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. అయితే మొత్తం యాంటీఫ్రీజే పోస్తే ఇంకా మంచిది కదా? కాదు! యాంటీఫ్రీజ్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, అది ఉత్తదే అయితే మైనస్ 13కే గడ్డకడుతుంది. నీళ్లు ఒక్కటే ఉన్నా గడ్డ, అది ఒక్కటే ఉన్నా గడ్డ. కలిస్తేనే బలం. సగం సగం కలపండి. ఇక్కడ వేసవిలో కూడా అదే పోయండి, తుప్పు పట్టదు.

ఇప్పుడు బ్యాటరీకొద్దాం. లారీకి రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు, ఇరవై నాలుగు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగేది దాదాపు సగానికి పడిపోతుంది. అదే చలికి ఇంజనాయిలు తారులా ఉంటుంది కాబట్టి తిప్పడానికి కావలసిన బలం రెట్టింపు అవుతుంది. జీతం సగమై ఖర్చు రెట్టింపైనట్టు. ఇంకో సంగతి కూడా వినండి. బ్యాటరీని చంపేది చలి కాదు, మన ఎండ. బెజవాడ వేడికి ప్లేట్లు పాడై పాడై ఉంటాయి, ఇక్కడ అరచక్రం తిరగ్గానే ఇంజన్ అందుకుంటుంది కాబట్టి మనకి తెలియదు. పైకి పోయాక బయటపడుతుంది.

గ్రావిటీ చూడండి, అంటే బ్యాటరీ యాసిడ్ ఎంత చిక్కగా ఉందో హైడ్రోమీటర్‌తో కొలవండి. హైడ్రోమీటర్ వంద రెండొందలది, అదొకటి క్యాబిన్‌లో ఉండాలి. 1280 ఉంటే మైనస్ 50లో కూడా యాసిడ్ గడ్డకట్టదు. 1150కి దిగితే మైనస్ 15కే గడ్డ. 1100 అయితే మైనస్ 7కే. అంటే చార్జి దిగిన బ్యాటరీయే గడ్డకడుతుంది, నిండుగా ఉన్నది కాదు. పక్కలు ఉబ్బినా, మూత తీస్తే లోపల మంచు కనపడినా దానికి జంపర్ వైర్లు తగిలించొద్దు, పేలుతుంది. తీసి వెచ్చటి గదిలో పెట్టి, కరిగాక పగుళ్లు చూసి అప్పుడు చార్జింగు.

మరి బ్యాటరీ బాగానే ఉంది, గ్రావిటీ బాగానే ఉంది, అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. అప్పుడు? టెర్మినల్స్. పిండి పట్టిన టెర్మినల్, ఛాసిస్ దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ వైరు. సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లు. ఇక్కడ ఆ తుప్పుతోనే పదేళ్లు నడుస్తుంది, అక్కడ ఒక్క రాత్రి నడవదు. ఎర్త్ పాయింటు విప్పి, ఎమిరీ పేపర్‌తో గీకి బిగించండి. నా అనుభవంలో కొత్త బ్యాటరీ కొనిపించిన కేసుల్లో చాలావాటికి రోగం ఈ ఎర్త్ వైరే.

ఆయిలు సంగతి త్వరగా చెప్పేస్తాను. డబ్బా మీద డబ్ల్యూ అని ఉంటుంది, అది వింటర్. 20డబ్ల్యూ ఆయిలు మైనస్ 15 దాకా, 15డబ్ల్యూ మైనస్ 20 దాకా, 5డబ్ల్యూ అయితే మైనస్ 30 దాకా ఇంజన్‌ని తిరగనిస్తుంది. పైకి లోడు ఖాయం అనుకున్నప్పుడు ఆయిలు మార్చుకుని వెళ్లండి. అంతే.

మా బండి నుంచి జంపర్ వైర్లు వేశాం. సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. ఇక్కడ ఆగండి. ఇక్కడే అసలు మెకానిక్ ఎవడో తెలిసేది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మీ కళ్లు ఎక్కడుండాలి? ... మీటరు మీదా? కాదు. సైలెన్సర్ గొట్టం మీద! ఒకడు తాళం తిప్పాలి, ఇంకొకడు వెనక్కి పోయి గొట్టం చూడాలి.

తెల్లటి పొగ దట్టంగా వస్తోందనుకోండి. అంటే డీజిల్ సిలిండర్ లోపలికి పోతోంది, కాలట్లేదు, ఆవిరై బయటికొస్తోంది. డీజిల్ లైనులో ఏ తప్పూ లేదు, దాన్ని విప్పి పాడుచేయొద్దు. లోపల వేడి చాలట్లేదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరగడమో, కంప్రెషన్ తగ్గడమో, ఇంజన్ మరీ చల్లబడడమో. ఎత్తు మీద గాలి కూడా పలచన, లేహ్‌లో గాలి ఒత్తిడి ఇక్కడితో పోలిస్తే మూడింట రెండు వంతులే. నొక్కడానికి గాలే తక్కువైతే వేడెక్కడినుంచి వస్తుంది?

అసలు పొగే లేదనుకోండి. అప్పుడు డీజిలే అందట్లేదు. నాజిల్, కంప్రెషన్, టైమింగ్ అన్నీ పక్కన పెట్టి ట్యాంకు నుంచి పంపు దాకా వెతకండి. పొగ ఉందా లేదా అన్న ఒక్క ముక్కతో సగం పని తప్పుతుంది మీకు. మన ఏపీ 16కి పొగ లేదు. చుక్క కూడా లేదు.

డీజిల్ చలికి ఏమవుతుంది? మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉంటుంది కదా. సంక్రాంతి ముందు పొద్దున తీస్తే ఏమవుతుంది? ముందు మసకబారుతుంది, తరవాత తెల్లగా పేరుకుంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది. డీజిల్ కూడా అంతే, అందులో మైనం ఉంటుంది. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, కానీ మైనం పలుకులు పోయి ఫిల్టర్ కాగితానికి అడ్డం పడతాయి. అందుకే ట్యాంకు మూత తీసి చూసి డీజిల్ బాగానే ఉంది అనుకుంటే మోసపోతాం. ఫిల్టర్ గిన్నె విప్పాలి. విప్పాను. పేరుకున్న నెయ్యిలా ఉంది.

ఎందుకు పేరుకుంది? పఠాన్‌కోట్ దగ్గర ట్యాంకు నిండా కొట్టించాడు. మన దేశంలో మామూలుగా అమ్మే డీజిల్‌కి చలికాలంలో కూడా పోర్ పాయింట్, అంటే ఇంకా పారగలిగే ఆఖరి చలి, 3 డిగ్రీల దాకా ఉండొచ్చు, వేసవిలో 15 దాకా. ప్లస్ 3, మైనస్ కాదు! మైదానానికి అది చాలు. మైనస్ 12కి ఎలా సరిపోతుంది? ఇప్పుడు నయం. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీలో తయారుచేసిన వింటర్ డీజిల్ లదాఖ్‌కి వచ్చింది, దాని పోర్ పాయింట్ మైనస్ 33. కాబట్టి కింద ట్యాంకు నింపుకుని పోవద్దు. పైకి చేరేసరికి ట్యాంకు తగ్గేలా చూసుకుని, అక్కడి డీజిల్ కొట్టించి, ఆ కొత్త డీజిల్ ఫిల్టర్ దాకా వచ్చేలా కాసేపు ఇంజన్ నడిపి అప్పుడు ఆపండి. పేరుకున్నాక పైన ఎంత మంచి డీజిల్ పోసినా మైనం కరగదు. వేడి తగలాలి.

కిరోసిన్ కలిపితే? అడుగుతారని తెలుసు. పాతకాలంలో కలిపేవాళ్లు, పేరుకోకముందు కలిపితే పనిచేసేది కూడా. రేషన్ నీలి కిరోసిన్ కలపడం నేరం, అదొకటి. సిలిండర్లకి డీజిల్ కొట్టే మైకో పంపుకి డీజిలే కందెన, కిరోసిన్‌లో ఆ జిడ్డు లేదు, లోపలి ఎలిమెంట్లు అరిగిపోతాయి, అది రెండోది. పెట్రోలు మాటెత్తితే నేను లేచి వెళ్లిపోతాను.

ఆ రోజు మేం చేసిన పని ఇది. పాత ఫిల్టర్లు రెండూ తీసి పారేశాం, మా దగ్గర ఉన్నవి వేశాం. ట్యాంకు నుంచి వచ్చే పైపుకి, ఫీడ్ పంపుకి వేడి గుడ్డలు చుట్టాం. ట్యాంకు మీద దుప్పటి కప్పి వేడినీళ్ల డబ్బాలు ఆనించి పెట్టాం. ట్యాంకు అడుగు ప్లగ్గు వదులు చేస్తే ముందు గ్లాసెడు నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు పైపు వంపులో మంచై కూర్చున్నాయనుకోండి, అదీ మైనం లాగే ఆపేస్తుంది. తరవాత హ్యాండ్ ప్రైమర్ కొడుతూ ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి ఎయిర్ తీశాం. బుడగలు పోయి గట్టి ధార వచ్చేదాకా. అది పూర్తయ్యాక, ఖాళీ చేసిన రేడియేటర్‌లో వెచ్చటి నీళ్లు పోసి, పది నిమిషాలు ఉంచి, తీసేసి, మళ్లీ వెచ్చటివి పోశాం. బ్లాకు లోపల నుంచి వేడెక్కుతుంది, సిలిండర్ గోడలు మంచుముద్దలా ఉండవు. హీటర్ లేని బండికి ఇదే హీటర్.

సెల్ఫ్ పది పదిహేను సెకన్లు, రెండు నిమిషాలు విశ్రాంతి. మొదటిసారి తెల్ల పొగ. అప్పుడు నేను నవ్వాను. డ్రైవర్ మొహం మాడిపోయింది, స్టార్ట్ అవ్వలేదు కదా అని. తెల్ల పొగ వచ్చిందంటే డీజిల్ వచ్చేసిందయ్యా! మూడోసారికి రెండు సిలిండర్లు అందుకున్నాయి, టప్పు టప్పు మంటూ, తరవాత నాలుగు, తరవాత ఆరూ. అందుకోగానే రేజ్ చేయబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయిలు పైకి ఎక్కాలి, కాసేపు ఊరుకో అని.

వాటర్ పంపు కరగడం నుంచి ఇక్కడి దాకా మధ్యాహ్నం రెండైంది. వేడి తగ్గాక నీళ్లు మొత్తం తీసేసి సగం సగం కూలెంట్ పోశాం. బ్లాకు కాక్ ఎక్కడుందో ఆయన చేతే తిప్పించాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

(ఈథర్ స్ప్రే కొడితే ఈ శ్రమంతా లేకుండా స్టార్ట్ అవుతుంది కదా అని ఒకరు అడిగారు.)

అవుతుంది బాబాయ్, అవుతుంది. అందుకే ప్రమాదం. ఈథర్ డీజిల్ కన్నా ముందే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అంటుకుంటుంది. సుత్తితో కొట్టినట్టే. పాత ఇంజన్‌లో రింగులు విరుగుతాయి. గ్లో ప్లగ్గో, మానిఫోల్డ్‌లో హీటరో ఉన్న బండిలో కొడితే గాలి గొట్టంలోనే పేలుతుంది, మొహం దగ్గర. కొన్ని బండ్లు దానికి అలవాటు పడిపోతాయి కూడా, అది లేనిదే లేవవు అంటారు. అలవాటు కాదది. అప్పటికే కంప్రెషన్ పోయిందని అర్థం.

(ఎయిర్ బ్రేకులు కూడా పట్టేస్తాయా అని ఇంకొకరు.)

పట్టేస్తాయి. సాయంత్రం ఎయిర్ ట్యాంకుల కాక్‌లు వదిలి నీళ్లు తీసెయ్యండి. తడిసిన బ్రేకులు బిగించి వదిలితే లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోతుంది. చదునైన చోట ఆపి, చక్రాలకి చెక్కలు పెట్టండి.

(రాత్రంతా ఇంజన్ ఆపకుండా ఉంచితే ఈ గొడవేమీ ఉండదు కదా అని వెనక నుంచి ప్రశ్న.)

మంచి ప్రశ్న. చాలామంది అదే చేస్తారు. డీజిల్ దండగ సంగతి వదిలేయండి. ఐడిల్ మీద ఇంజన్ సరిగా వేడెక్కదు, సగం కాలిన డీజిల్ నాజిళ్లకి మసి పట్టిస్తుంది, ఆయిల్లోకి దిగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అద్దాలు బిగించుకుని క్యాబిన్‌లో పడుకుంటారు, మంచు సైలెన్సర్ని కప్పేస్తుంది, పొగ లోపలికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. అలా పోయినవాళ్లని నేను దించాను క్యాబిన్‌లోంచి.

ఆ ఏపీ 16 డ్రైవర్ కూడా ఆ రాత్రి ఇంజన్ ఆపనంటే ఆపనన్నాడు. భయం. నేనే వెళ్లి ఆపించాను. గాలికి ఎదురుగా కాకుండా తిప్పి పెట్టించి, పొద్దున్నే ఎండ ముందు బ్యానెట్ మీద పడేలా చూసి, ఇంజన్ చుట్టూ టార్పాలిన్ కప్పించి, బ్యాటరీలు రెండూ విప్పించి మా బ్యారక్‌లో బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి, ఉన్న గదిలో, దానికి దూరంగా ఓ మూల పెట్టించాను. తెల్లారి అయిదున్నరకి తలుపు కొట్టాడు. "బ్యాటరీలు బిగించాను సార్, కానీ మీరే వచ్చి కొట్టండి, నాకు చెయ్యి రావట్లేదు" అన్నాడు. "ఫ్యాను కదిపావా?" అన్నాను. "కదిపాను సార్, తిరుగుతోంది." "క్లీనర్ని గొట్టం దగ్గర నిలబెట్టావా?" "నిలబెట్టాను." "అయితే నేనెందుకయ్యా, పో, నువ్వే కొట్టు" అని దుప్పటి కప్పుకున్నాను. పడుకునే విన్నాను. రెండోసారికి అందుకుంది.